నామినీ బాబాయి

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా, ఇచ్చిన మంచినీళ్ళు తాగకముందే అడిగే మాట ఒకటుంది. "నామినీగా ఎవరి పేరు పెట్టావు?"

బ్యాంకులో ఏళ్ళ తరబడి పనిచేసి రాజమండ్రిలో స్థిరపడ్డాడు. రిటైరైనవాళ్ళు కొందరు పారాయణంలో పడతారు, కొందరు వాట్సాప్‌లో పడతారు. ఈయన అవసరంలో ఉన్నవాళ్ళ మీద పడ్డాడు. అవసరంలో ఉన్నవాళ్ళంటే ఎవరంటారా? ఆధార్ కార్డున్న ప్రతివాడూ.

పెళ్ళికి వెళితే పెళ్ళికూతురి తండ్రిని పక్కకి లాగి "అప్పెంత చేశావు, వడ్డీ నూటికెంత?" అని గుసగుసగా అడుగుతాడు. ఆ గుసగుస సన్నాయివాళ్ళకి కూడా వినబడుతుంది. పదకొండో రోజు భోజనాల్లో, పెరుగన్నం వేళకి, పోయినాయన పెద్దకొడుకుతో "లాకరు తాళం ఎవరి దగ్గరుంది నాయనా?" అంటాడు. పిన్ని ఎదుటి పంక్తిలోంచి కళ్ళెర్రజేస్తుంది. ఇంటికొచ్చాక ఆయన జవాబు రెడీ: "ఇవాళ అడక్కపోతే ఇంకెప్పుడడుగుతానే? పన్నెండో రోజు దాటాక అన్నదమ్ములు మాట్లాడుకోరు." ఈ ముక్క మాత్రం నేను కాదనలేను.

పోనీ ఫీజు పుచ్చుకుంటాడా అంటే అదీ లేదు. పుచ్చుకుంటే మాన్పించే దారైనా ఉండేది. "డబ్బు తీసుకుని సలహా చెప్పాలంటే సెబీ దగ్గర రిజిస్టరవ్వాలిరా, 2013 నుంచి రూలు. నేను ఉచితం కాబట్టి నన్నెవరూ ఆపలేరు" అని గర్వంగా చెబుతాడు. ఉచితం కాబట్టే ఎవరూ ఆపలేకపోతున్నారని మా బాధ.

మా వీధి మలుపులో ఇడ్లీ బండావిడ ఆయన మొదటి క్లయింటు. క్లయింటనే మాట ఆయనదే, ఆవిడకి తెలియదు. ఒకరోజు చట్నీ గిన్నె పక్కకి జరిపించి, నోటుబుక్కు పరిచి, యాభై-ముప్ఫై-ఇరవై సూత్రం బోధించాడు. అమెరికాలో ఎలిజబెత్ వారెన్ అనే లా ప్రొఫెసరు (తర్వాత సెనేటరైంది) కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకంతో పేరుకెక్కిన లెక్క అది. చేతికొచ్చే దాంట్లో సగం అవసరాలకి, 30 శాతం కోరికలకి, 20 శాతం పొదుపుకి. ఆవిడ అట్లకాడ పట్టుకుని శ్రద్ధగా విని, "కోరికలకి ముప్ఫయ్యా బాబుగారూ? అవెక్కడ దొరుకుతాయండీ?" అంది. బాబాయి కోరికల గడి కొట్టేసి, అది కూడా అవసరాల్లో కలిపాడు. అప్పటికి ఇడ్లీలు చల్లారిపోయాయి. వాటికి డబ్బులిచ్చింది నేను.

తర్వాత ఆవిడ డైలీ ఫైనాన్సు మీద పడ్డాడు. పదివేల అప్పంటే తొమ్మిది వేలే చేతికిస్తారు, రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. బాబాయి రాత్రంతా కూర్చుని, అది ఏడాదికి 75 శాతం పైమాటేనని తేల్చాడు. పొద్దున్నే పరుగున వెళ్ళి చెప్పాడు. "ఎక్కువేనని తెలుసు బాబుగారూ. మరి సాయంత్రం అడిగితే రాత్రికి మీ బ్యాంకు ఇస్తదా?" అందావిడ. ముప్ఫై రెండు కాలమ్‌ల లెడ్జరు చూసి బెదరని మనిషి, ఆ పూట ఇంటికొచ్చి మాట్లాడకుండా పేపరు చదువుకున్నాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. పిన్ని చీటీలు వేస్తుంది. పాటలో పోయేదీ కమీషనూ తీస్తే ఫిక్సెడ్ డిపాజిట్టే నయమని ఈయన ఏళ్ళుగా కాగితాల మీద రుజువు చేస్తున్నాడు. "డిపాజిట్టయితే మధ్యలో విరగ్గొట్టి ఎవడికో చేబదులిస్తారు. చీటీ అయితే నెలనెలా కట్టక చస్తారా?" అని పిన్ని పోపు వేస్తూనే కొట్టిపారేస్తుంది. మేడ మీద గది చీటీ పాడిన డబ్బుతో వేసిందే. మధ్యాహ్నాలు ఆ గదిలో ఫ్యాన్ కింద కూర్చునే బాబాయి వచ్చినవాళ్ళకి చీటీల వల్ల నష్టాలు వివరిస్తాడు.

నన్నడిగితే, ఆయన సలహాలు ఎవరికీ అక్కర్లేదు. పేదవాళ్ళకి తమ లెక్క తమకి బాగా తెలుసు. వాళ్ళకి అక్కరకొచ్చేవి ఆయన దగ్గర రెండే ఉన్నాయి: జేబులో పెన్ను, అంతులేని తీరిక.

మా పక్క వీధిలో ఆటో నడిపే కుర్రాడు గుండెపోటుతో పోయాడు. పరామర్శకి వెళ్ళిన బాబాయి అలవాటు ప్రకారం పాస్‌బుక్ అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఛీ అన్నారు. పుస్తకంలో మే నెలలో 436 రూపాయలు కోసిన పద్దు ఉంది. అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా ప్రీమియం. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి రెండు లక్షలు వస్తాయి. భార్యకి ఆ సంగతే తెలియదు. బ్రాంచిలో సర్టిఫికెట్లో ఇంటిపేరు తేడాగా ఉందన్నారు, సంబంధిత గుమాస్తా సెలవన్నారు, వచ్చే వారం రమ్మన్నారు. బాబాయి ఫారం నింపి, ఆ అమ్మాయిని కూలికి పంపించేసి, తను రోజూ వెళ్ళి మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చునేవాడు. "మా రోజుల్లో కంప్యూటర్లు లేవు సార్..." అని మొదలుపెట్టేవాడు. ఆ కథలు భరించలేకే మేనేజరు క్లెయిము పంపేశాడని పిన్ని వాదన. మొత్తానికి రెండు లక్షలూ ఖాతాలో పడ్డాయి. మేమంతా ఇన్నేళ్ళూ భరించిన ఆ సోది ఒక ఇంటికి అలా ఉపయోగపడింది.

అప్పట్నుంచి ఆయనకి మే నెల ఆఖరి వారం పండగ. జీవనజ్యోతికి 436, ప్రమాద బీమా సురక్షకి 20, మొత్తం 456. రాజమండ్రిలో తెలిసినవాళ్ళందరికీ, తెలియనివాళ్ళలో నంబరు దొరికినవాళ్ళకీ ఫోన్లు చేస్తాడు. "ఖాతాలో 456 ఉందా? లేకపోతే ప్రీమియం కోయలేరు. కోయకపోతే జూన్ ఒకటి నుంచి బీమా ఉండదు."

కొత్త నంబరు కదా అని కట్ చేయకండి. ఉందని చెప్పేస్తే అర నిమిషంలో వదిలేస్తాడు. లేదన్నారో, సాయంత్రానికి మీ ఇంటికొస్తాడు.