అర్ధరాత్రి ఎండ కావలెను

పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా అత్యవసరమైతే తప్ప ఎవరూ గడప దాటొద్దని ఈ వారం సర్కారు పెద్దలు ఫోన్లకు మెసేజ్ పెట్టి సెలవిచ్చారు. మజ్జిగ తాగాలట, నూలు బట్టలు కట్టాలట, నీడపట్టున ఉండాలట. కాదనడానికేముంది? చిక్కల్లా వడ్లతోనే వచ్చింది. వాటికి ఫోన్ లేదు, మెసేజ్ అందలేదు.

మొన్నటిదాకా కురిసిన అకాల వానలకు కొనుగోలు కేంద్రాల్లో యాసంగి వడ్ల కుప్పలు తడిసి ముద్దయ్యాయి. టార్పాలిన్ కప్పితే కిందినుంచి వరద, తీస్తే పైనుంచి జల్లు. ఇప్పుడు ఎండ వచ్చింది కదా అని రైతు సంబరపడి ఆరబోస్తే, కేంద్రంలో పిల్లగాడు పిడికెడు గింజలు మిషన్‌లో పోసి, "22 చూపిస్తుంది, ఇంక ఎండాలె కాకా" అంటాడు. తేమ 17 శాతం దాటితే కాంటా లేదు. దాన్ని 17కు దింపే ఎండ కాసేది పదకొండు నుంచి నాలుగు దాకానే. సర్కారు వద్దన్నదీ సరిగ్గా ఆ ఎండనే.

రైతు మాట మీరే మనిషి కాదు. కాబట్టి వడ్లు రాత్రిపూటే ఎండాలి. వెన్నెల్లో ఆరబోస్తే ఎండకపోగా మంచు పీల్చి తెల్లారేసరికి ఇంకాస్త మెత్తబడతాయి. కావలసింది అర్ధరాత్రి ఎండ.

ఇది గాలిమాట కాదు. నార్వేలో ట్రోమ్సో అనే ఊళ్లో మే మూడో వారం నుంచి రెండు నెలలపాటు సూర్యుడు అస్తమించనే అస్తమించడు. మనకు మిగిలిపోయిన వడ్లు కల్లాల్లో పడి ఉండేదీ అప్పుడే. ముహూర్తం కుదిరినట్టే. ముందుగా ఓ అధ్యయన బృందం సకుటుంబంగా వెళ్లి, రాత్రి ఒంటిగంటకు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఎండ ఉన్నమాట నిజమేనని ధ్రువీకరించాలి. తర్వాత ఒప్పందం, టెండర్లు. కాకినాడ రేవులో దిగిన ఎండ లారీల్లో నిజామాబాద్ చేరేసరికి కొంత తరుగు పోతుంది. ఇందులో తాలు ఉందని మిల్లరు మరికొంత కోస్తాడు. మిగిలింది టోకెన్ల మీద పంచుతారు. పట్టాదారు పాసుబుక్కు లేని కౌలు రైతుకు ఎండ మంజూరు కాదు, అతను ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టుకోవచ్చు.

ట్రోమ్సో ఎండలో అక్కడి జనం కోట్లు వేసుకుని తిరుగుతారనీ, దానికి వడ్లు ఎండవనీ కొందరు గొణుగుతారు. పథకంలో వేడి ఉండాలని ఏ జీవోలో రాసుంది?

వెనకటికి కొడవళ్లతో కోసి, పనలు పొలంలోనే ఆరాక కుప్ప నూర్చేవారు. ఇప్పుడు హార్వెస్టర్ పచ్చి గింజనే రాల్చి పోతుంది. యాసంగి కోతలకు వానలు అడ్డం పడతాయనీ, ఆ వెంటే ఎండలు పేలుస్తాయనీ తెలియని అధికారి లేడు. అయినా ఎన్ని కేంద్రాల్లో డ్రయ్యర్ ఉంది? నిలబడ్డానికి రేకుల షెడ్డు ఎన్నింట్లో ఉంది? అరవై దాటిన మనిషి మిట్టమధ్యాహ్నం ఆ వడ్లలో నడుస్తూ పాదాలతో చాళ్లు తీస్తుంటాడు. ఆ చివర దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదలు. కింద సిమెంటు నేల పెనంలా కాలుతుంటుంది.

అక్కడే కూలిపోతే? వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి మృతుడి కుటుంబానికి 4 లక్షలిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ చచ్చింది ఎండకేనని తహశీల్దారూ డాక్టరూ ఎస్సైయూ తేల్చాలి. గుండెపోటని రాస్తే అంతే సంగతులు. చచ్చినవాడికి వెలకట్టడానికి కదిలిన కలం, బతికున్నవాడి కోసం ఓ డ్రయ్యర్ కొనడానికి ఎందుకు కదలదు? కొనుగోలు రోజుల తరబడి సాగదీసి, వడ్లు వానకు వదిలేసి, మనిషిని ఎండకు నిలబెట్టి, చివరికి అతని ఫోన్‌కే బయటికి రావొద్దని మెసేజ్ పెట్టడానికి సిగ్గుండాలి. తడిసిన వడ్లు తడిసినట్టే కాంటా పెట్టండి. పచ్చి బియ్యానికి పనికిరాకపోతే బాయిల్డ్ మిల్లుకు పంపండి. ఆరబెట్టే ఖర్చూ మీరే పెట్టుకోండి, ఆ పదకొండు నుంచి నాలుగు దాకా కావలి కూడా మీరే ఉండండి.