ఎలుక ఎత్తుకెళ్లిన ఆస్కార్

ఒక మనిషి జీవితకథను పెద్దల కోసం కదిలే బొమ్మల్లో చెప్పే జీవితచరిత్రాత్మక యానిమేషన్ చిత్రానికి ఆస్కార్ నామినేషన్ రావడమంటే, ఆ బహుమతి డిస్నీ కుటుంబానికి అందుతుండగా చప్పట్లు కొట్టేందుకు దగ్గరలో ఒక కుర్చీ దొరకడమే. ఇరాన్ విప్లవాన్ని చిన్ననాట చూసిన మర్జానే సత్రపి తన కథనే సహదర్శకురాలిగా తెరకెక్కించిన ‘పెర్సెపొలిస్’, 2007లో కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పంచుకుని ఆస్కార్ గడప దాకా వెళ్లగా, అక్కడ దాన్ని ఓడించినది పారిస్ వంటింట్లో గరిటె తిప్పిన ‘రాటటూయీ’ ఎలుక. యుద్ధవిమానాల రూపకర్త జిరో హొరికోషి జీవితం ఆధారంగా జపాన్ దర్శకుడు మియజాకి తీసిన ‘ద విండ్ రైజెస్’ ‘ఫ్రోజెన్’ మంచులో కూరుకుపోయింది.

వాన్ గో మరణం చుట్టూ అల్లిన ‘లవింగ్ విన్సెంట్’కు నూరుమందికి పైగా చిత్రకారులు సుమారు 65,000 ఫ్రేములను, అనగా తెరపై క్షణంలో మెరిసి మాయమయ్యే విడి చిత్రాలను, తైలవర్ణాల్లో చేత్తో గీసినా బహుమతి ‘కోకో’ వెంటే పోయింది. అయితే వసూళ్లు 4 కోట్ల డాలర్లు దాటాయి గనుక, బతికుండగా బొమ్మలు పెద్దగా అమ్ముకోలేని ఆ చిత్రకారుడికి ఇది ప్రగతే.

అఫ్గాన్ శరణార్థి కథ ‘ఫ్లీ’ యానిమేషన్, డాక్యుమెంటరీ, అంతర్జాతీయ చిత్రం అనే మూడు విభాగాల్లోనూ ఒకేసారి నామినేషన్ పొందిన తొలి చిత్రంగా చరిత్రకెక్కి, మూడింట్లోనూ రిక్తహస్తాలతో తిరిగివచ్చింది. ఆ 2022 వేడుకలో యానిమేషన్ విజేతను ప్రకటించే పని డిస్నీ రాకుమారి పాత్రలు దక్కిన ముగ్గురు నటీమణులకు అప్పగించగా, ఈ విభాగపు చిత్రాలను పిల్లలు మళ్లీమళ్లీ చూస్తారని వారు సభకు పరిచయం చేశారు.