బొమ్మకారు రంగు చెడగొట్టడం ఎలా? రాయ్‌పూర్ వాసులకు ఒక మార్గదర్శి

ప్లాస్టిక్ మోడల్ కారు కిట్ తెప్పించారు. 1/24 కొలత. ఆ లెక్కన మన పాత మారుతి 800 జానెడు పొడవు దాటదు, 14 సెంటీమీటర్లు. ముక్కలన్నీ కత్తిరించారు, అతుకులు గీకారు, తలుపుల గీతలు కూడా ముచ్చటగా తీర్చారు. ఇక మిగిలింది రంగు ఒక్కటే. ఇంతదాకా చేసిన పని మొత్తాన్ని పావుగంటలో మట్టిపాలు చేసే అవకాశం ఇక్కడే ఉంది. చాలామంది దీన్ని అదృష్టానికి వదిలేస్తారు. అదేం అక్కర్లేదు, చెడగొట్టడానికీ ఒక పద్ధతుంది. పైగా మీరుండేది రాయ్‌పూర్‌లో. సగం పని ఊరే చేసిపెడుతుంది.

1. ముహూర్తం

రంగు వేయడానికి కాలం చూడకండి, కొరియర్ అబ్బాయి తలుపు తట్టిన రోజే శుభదినం. అది మే నెలైతే మరీ మంచిది. 44 డిగ్రీల ఎండలో, మధ్యాహ్నం రెండింటికి, వడగాలికి ఎదురుగా నిలబడండి. స్ప్రే డబ్బాలోంచి వచ్చిన తుంపర కారును చేరేలోపే సగం ఆరిపోయి, పొడిపొడిగా పడుతుంది. వేలితో రాస్తే గరగరమంటుంది. మెరుపు మాట దేవుడెరుగు.

ఎండకు తాళలేకపోతే లోపలికొచ్చి కూలర్ ముందు కూర్చోండి. బయటి గాలి ఎంత పొడిగా ఉన్నా, తడిసిన కూలర్ గడ్డిలోంచి దూరి వచ్చేసరికి దానికి కావలసినంత తేమ పడుతుంది. మండువేసవిలో వానాకాలాన్ని ఇంట్లోకి తెచ్చుకునే సౌకర్యం ఇది.

అసలు వానాకాలమే కావాలంటే జులై దాకా ఆగండి. లాకర్ రంగులోని ద్రావకం చకచకా ఆవిరవుతూ ప్లాస్టిక్ మీది వేడిని లాగేస్తుంది. చల్లబడ్డ ఆ పైపొర మీద గాలిలోని తేమ చేరుతుంది. నల్ల కారు మీద పాలపొర తేలుతుంది. దీన్ని ‘బ్లషింగ్’ అంటారు. సిగ్గుపడాల్సింది మనమైనా, ఆ పని కారే చేస్తుంది.

ఇక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా, ఎండ మితంగా ఉంటుంది. ఆ నాలుగు నెలలూ పొరపాటున కూడా డబ్బా ముట్టుకోకండి. కారు బాగుపడిపోయే ప్రమాదముంది.

2. స్థలం

డాబా మీద వేయండి. ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల దుమ్ము సంగతి ఊళ్ళో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. బీర్గావ్ పక్క ఇళ్ళలో రాత్రి తెల్ల పంచె ఆరేస్తే తెల్లారేసరికి ఏ రంగులో ఉంటుందో, తడి రంగు మీదా అదే జరుగుతుంది. పంచెను ఉతుక్కోవచ్చు. కారును ఉతకలేరు.

దుమ్ము చిన్నదే కదా అని నిరాశపడకండి. మిల్లీమీటరులో పదో వంతు నలుసు 1/24 కారు మీద కూర్చుంటే, అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల గడ్డతో సమానం. షోరూమ్‌లో బానెట్ మీద అలాంటివి ఇరవై ఉంటే తీసుకుంటారా?

తలుపులు మూసిన గదిలో నేల మీద కాసిని నీళ్ళు చిలకరించి దుమ్ము అణచడం, ఫ్యాన్ ఆపడం, రంగు వేసిన వెంటనే కారు మీద ఖాళీ పెట్టె బోర్లించడం వంటి చాదస్తాలు కొందరికుంటాయి. పట్టించుకోకండి.

3. స్నానం

అచ్చులోంచి ప్లాస్టిక్ ముక్కలు తేలిగ్గా ఊడిరావడానికి జిడ్డు వాడతారు. అది కొంత ముక్కల మీదే ఉండిపోతుంది. గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు, అది పోతుంది. అందుకే కడగొద్దంటున్నాను. తలకు కొబ్బరినూనె రాసుకుని, సాయంత్రం మిర్చిబజ్జీ తిని, అదే చేత్తో పైకప్పు పట్టుకోండి. జిడ్డున్నచోట రంగు నిలవక వెనక్కి జరిగి, మధ్యలో గుండ్రటి గుంటలు పడతాయి. వీటికి ‘చేపకళ్ళు’ అని పేరు. ఇంట్లో ఎవరైనా కారు డాష్‌బోర్డుకు సిలికాన్ పాలిష్ కొడుతుంటే పక్కనే కూర్చోండి, కళ్ళు ఇంకాస్త పెద్దవవుతాయి.

4. డబ్బా ఎంపిక

మోడళ్ళకు వాడే స్టైరీన్ చాలా సున్నితం. దాన్ని కరిగించని రంగులు ప్రత్యేకంగా దొరుకుతాయి. వాటిని విమానంలో పంపరు, రోడ్డు మీద నింపాదిగా వస్తాయి. అంత ఓపిక ఎవరికి? స్కూటర్ విడిభాగాల కొట్లో దొరికే స్ప్రే తెచ్చి, ప్రైమర్ లేకుండా నేరుగా కొట్టండి. రేకు కోసం చేసిన ఘాటైన ద్రావకం ప్లాస్టిక్‌ను కొరుకుతుంది. బానెట్ నిండా సన్నని పగుళ్ళు, ఎండిన చెరువు అడుగులా.

టామియా కంపెనీ డబ్బాలే దొరికినా దిగులుపడకండి. అందులో టీఎస్ రకం స్టైరీన్‌కు, పీఎస్ రకం రిమోట్ కార్ల పాలీకార్బొనేట్ బాడీలకు. ఒక్క అక్షరమే తేడా. ధైర్యంగా తారుమారు చేయండి.

ఎర్ర ప్లాస్టిక్ మీద తెల్ల రంగు వేసేటప్పుడు ప్రైమర్ మానేస్తే మరో లాభం: అడుగునున్న ఎరుపు పైకి ఊరుతుంది. మంత్రిగారి తెల్ల అంబాసిడర్ అనుకున్నది గులాబీ రంగు పెళ్ళి కారవుతుంది.

5. చెయ్యి

డబ్బాను రెండుసార్లు ఊపి వదిలేయండి. లోపలి గోలీ ఇంకా కదలనే లేదంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. డిసెంబరు తెల్లవారుజామున చల్లటి డబ్బాలో ఒత్తిడి తగ్గి, రంగు ముద్దముద్దగా ఉమ్ముతుంది. దాన్ని కాసేపు గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే సర్దుకుంటుంది. ఇక్కడ మాత్రం వెటకారం పక్కన పెడుతున్నాను: పొయ్యి దగ్గర, మే ఎండలో డాబా గచ్చు మీద డబ్బా పెట్టకండి. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని దాని మీదే రాసుంటుంది, పేలుతుంది. మాస్కు లేకుండా, కిటికీ తీయకుండా వేయకండి. చెడాల్సింది కారు, మీరు కాదు.

మళ్ళీ పనిలోకి. పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దూరం నుంచి, కారుకు అవతల మొదలుపెట్టి కారు దాటాక మీట వదలాలంటారు. మీరు బెత్తెడు దూరం నుంచి సరిగ్గా తలుపు మీదే నొక్కి, అక్కడే ఆగండి. ముందు పలచని పొర, అది కాస్త ఆరాక మరొకటి అన్న మాట వినకండి. ఒక్క పొరతో తేల్చేస్తే రంగు చక్కగా కిందికి కారుతుంది. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు. మీరు బొమ్మకారుకే అంత పట్టించగలరు. తలుపుల గీతలు పూడిపోయి, ఎవరూ ఎక్కలేని కారు తయారవుతుంది.

6. ఆరబెట్టడం

ఆరిందో లేదో తెలుసుకోవడానికి బొటనవేలిని మించిన పరికరం లేదు. బానెట్ నడిమధ్యన పెట్టి నొక్కండి. వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది. ఓపికున్నవాళ్ళు వాసన చూస్తారు. రంగు వాసన వస్తున్నంతకాలం అది ఆరనట్టే. ఇంకొందరు కారుతోపాటు ఒక ప్లాస్టిక్ చెంచాకూ రంగు కొట్టి, దాన్ని ముట్టుకుని చూస్తారు. ప్లాస్టిక్ చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం. గుప్‌చుప్ బండి దగ్గర పాతవి దాచుకున్నవాళ్ళకే ఆ భాగ్యం.

ఎనామిల్ రంగు సగం ఆరి ఉండగా దాని మీద లాకర్ క్లియర్ కొట్టడం చివరి అస్త్రం. కళ్ళెదుటే ముడతలు పడుతుంది.

7. సంజాయిషీ

ఇంత చేశాక పనికొచ్చేది ఒక్కటే, నెపం. విశాఖ నుంచి మామయ్య వస్తాడు. కారు చేతిలోకి తీసుకుని, ‘ఏరా, నారింజ తొక్కలా ఉందేమిట్రా ఇది?’ అంటాడు. ‘ఈ ఊరి దుమ్ము మామయ్యా, ఆ ఎండ, ఆ ముసురు... ఇక్కడింతే’ అనండి. నమ్ముతాడు. పాపం రాయ్‌పూర్ మాత్రం ఏదీ దాచలేదు. వడగాలి ఎప్పుడో, ముసురు ఎప్పుడో ఏటా అదే వరుసలో ముందే చెబుతోంది. వింటే బాగుపడతాం కాబట్టి వినం.

ఒక్క జాగ్రత్త. మామయ్య తెలివైనవాడైతే ‘మరి చలికాలమంతా ఏం చేశావురా?’ అని అడుగుతాడు. దానికి ఈ మార్గదర్శిలో జవాబు లేదు.