వేప్ పుల్లతో సిగరెట్ మానుట ఎట్లు?

సిగరెట్ మానేశానని ఊళ్లో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇరవయ్యేళ్లుగా వింటున్న కబురే కదా, ఈసారి కొత్తగా ఏమనాలో తోచి ఉండదు. "నిజంగానే అమ్మా. ఇప్పుడు వేప్ వాడుతున్నా" అన్నాను. "వేపా? మంచి పని చేశావు నాయనా. మీ తాత పోయేదాకా వేపపుల్లే వాడాడు, ఒక్క పన్ను కదల్లేదు" అంది సంబరంగా. నేను దిద్దలేదు. అబద్ధమాడిన పాపం అంటకుండా కన్నతల్లిని మోసం చేసే యోగం అందరికీ పట్టదు.

ఆ యోగం మీకూ పట్టాలనే ఈ నాలుగు ముక్కలు. రాయడానికి నాకున్న అర్హతలు: మూడు అయ్యప్ప మాలలు, లెక్కలేనన్ని జనవరి ఒకటో తేదీలు, ఒక ఉగాది, ఒక ఛాతీ ఎక్స్‌రే.

మొదటి సూత్రం: మంచి ముహూర్తం చూసుకోండి.

మానడం శుభకార్యం. శుభకార్యాన్ని ఏ మంగళవారం మధ్యాహ్నమో మొదలుపెడతారా ఎవరైనా? వచ్చే సోమవారం అనుకోండి. సోమవారం ఆఫీసులో తలనొప్పి పని ఏదో తగులుతుంది, కాబట్టి ఒకటో తారీకు. ఒకటో తారీకుకి పెట్టెలో ఇంకా నాలుగు మిగిలి ఉంటాయి. డబ్బు పోసి కొన్నవి పారేస్తే లక్ష్మికి కోపం. అవి అవగొట్టేసి మానేద్దాం అనుకునేసరికి ఆషాఢం వస్తుంది. పెద్దలు వైరాగ్యాలు మూడన్నారు: పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. నాలుగోది వాళ్లకి తెలియదు పాపం, దగ్గు వైరాగ్యం. పొద్దున్నే వాష్‌బేసిన్ అంచు పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేలా దగ్గుతున్నప్పుడు పుడుతుంది. కాఫీ గ్లాసు చేతికొచ్చేసరికి పోతుంది. నా ముహూర్తాలన్నీ ఆ మధ్యనున్న పది నిమిషాల్లో పెట్టుకున్నవే.

రెండో సూత్రం: ఊరంతా చాటండి. ఆఫీసులో చెప్పండి, అత్తగారింట్లో చెప్పండి, వాట్సాప్‌లో పెట్టండి. మానినందుకు రావాల్సిన మెప్పంతా మానకముందే వసూలైపోతుంది. ఇక మానాల్సిన పనేముంది?

మూడో సూత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. చిన్న పనుండి కిందికి వెళ్తున్నాను, వచ్చి చెబుతాను.

నాలుగో సూత్రం: చట్టానికి దొరక్కుండా ఆరోగ్యం కాపాడుకోండి.

మన దేశంలో వేప్ మీద, అంటే ఈ-సిగరెట్ మీద, 2019 నుంచి నిషేధం ఉంది. తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు, నిల్వ పెట్టకూడదు. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అసలు సిగరెట్టయితే బడికి వంద గజాలు దాటాక నిక్షేపంగా అమ్ముకోవచ్చు. అందుకని వేప్ కావాలంటే ఇంగ్లండ్‌లో ఒక బావమరిది ఉండాలి. మావాడు సంక్రాంతికి వస్తూ సాక్సులో చుట్టి తెచ్చాడు. "బావా, అక్కడ డాక్టర్లే సిగరెట్ మానడానికి ఇది వాడమంటారు" అన్నాడు.

వాడి మాటలో అబద్ధం లేదు. మనం నిషేధించిన 2019లోనే అక్కడ 886 మంది మీద చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. గమ్ములూ ప్యాచ్‌లూ వాడినవాళ్లలో ఏడాది తిరిగేసరికి సిగరెట్ ముట్టకుండా ఉన్నది 9.9 శాతం, వేప్ వాడినవాళ్లలో 18 శాతం. ఈ అంకె నాకు కంఠతా వచ్చు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతాను. అందులోనే ఇంకో అంకె ఉంది. అలా వేప్‌తో సిగరెట్ మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. దీన్ని మాత్రం ఎవరి దగ్గరా ఎత్తను. వాళ్లందరినీ కనీసం నాలుగు వారాలు, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడిన మనుషులున్నారన్న సంగతీ ఎత్తను. నాకున్నది బావమరిది ఒక్కడే, వాడూ కనుమ మర్నాడు విమానమెక్కేశాడు.

వస్తువు చూడ్డానికి పెన్‌డ్రైవ్‌కి అన్నలా ఉంటుంది. పీల్చగానే కొసన నీలం దీపం వెలుగుతుంది, లోపల చెంబులో నీళ్లు పోస్తున్నట్టు చిన్న బుడబుడ. మామిడి వాసనట. బంగినపల్లీ కాదు, చిన్న రసమూ కాదు. చిన్నప్పుడు అమ్మ ముక్కు మూసి పోసిన దగ్గుమందులోని మామిడి. ఏదీ కాలదు కాబట్టి తారూ, కార్బన్ మోనాక్సైడూ ఉండవు. సిగరెట్ పూర్తిగా వదిలేసి దీనికి మారినవాడికి అంతవరకు మేలే, కాదనను. కానీ సిగరెట్‌కి ఒక మర్యాద ఉండేది. అది అయిపోయేది. ఐదారు నిమిషాలకి వేలు చురుక్కుమనేది, పీకని చెప్పు కింద నలిపి, మనిషన్నవాడు మళ్లీ పనిలోకి వెళ్లేవాడు. దీనికి పీక లేదు. మీటింగ్‌లో బల్ల కింద, బాత్‌రూంలో, సిగ్నల్ దగ్గర, దుప్పట్లో, ఎక్కడైనా సాగుతుంది. రోజుకి ఎన్ని తాగుతారని డాక్టరుగారు అడిగితే ఇదివరకు ఎనిమిది అని చెప్పేవాణ్ణి (పన్నెండు). ఇప్పుడు నిజాయితీగా ఒకటే అని చెప్పొచ్చు. పొద్దున్న మొదలుపెడితే రాత్రి పడుకునేదాకా అదే.

ఐదో సూత్రం: రెండూ దగ్గర పెట్టుకోండి. కారుకి స్టెప్నీ ఉండదా?

ఆరో సూత్రం: లూజుగా కొనండి. పెట్టె మీద 85 శాతం చోటు ఆ భయంకరమైన బొమ్మకీ హెచ్చరికకీ పోయింది. మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అని ఉచితంగా ఫోన్ చేసే నంబరు కూడా వేస్తున్నారు. లూజుగా కొంటే ఇవేవీ కంటబడవు. నేనొకసారి పొరపాటున పెట్టె కొని ఆ నంబరు చూశాను. నొక్కాను కూడా. రింగు మొదలవకముందే పెట్టేశాను. ఎవరైనా ఎత్తి నిజంగానే మాన్పించేస్తే?

ఏడో సూత్రం: నికోటిన్ గమ్‌ని టీతో కలిపి నమలండి. నాలుక చురుక్కుమనేదాకా నమిలి, ఆపి, బుగ్గన పెట్టుకోవాలని, టీ కాఫీలు పావుగంట ముందు నుంచే ముట్టకూడదని, ముడితే నికోటిన్ సరిగా ఒంటికెక్కదని లోపలి కాగితంలో రాస్తారు. ఆ కాగితాన్ని విప్పకండి. బబుల్‌గమ్ నమిలినట్టు నమిలేసి, ఎక్కిళ్లు తెచ్చుకుని, "గమ్ములు మనకి పనిచేయవండీ" అని తేల్చేయండి.

ఎనిమిదో సూత్రం: ఎందుకు మానాలో గట్టి కారణం వెతుక్కోండి.

నా కారణం గట్టిదే. మా నాన్న కందుకూరు పక్క పల్లెలో పాతికేళ్లు పొగాకు వేశాడు. ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్‌కి నిప్పు పెట్టారంటే వారం పాటు రాత్రింబవళ్లు కాపలా. గోడ పక్కన నులకమంచం వేసుకుని పడుకునేవాడు. గంట గంటకీ లేచి, చిన్న అద్దపు కిటికీలోంచి టార్చి వేసి, లోపల వేలాడే థర్మామీటరు చూసేవాడు. వేడి కాస్త ఎక్కువైనా, తక్కువైనా ఆకు పాడు, ఆకు పాడైతే వేలంలో రేటు రాదు, రేటు రాకపోతే నా ఫీజు లేదు. పచ్చాకు నిమ్మపండు రంగుకి తిరిగేటప్పుడు వీధంతా తియ్యటి వాసన వచ్చేది. ఆయన జన్మలో ఒక్క బీడీ ముట్టలేదు. ఎవరైనా అడిగితే "అది అమ్ముకునే ఆకు, తాగే ఆకు కాదు" అనేవాడు. నేను మొదటి సిగరెట్ కాల్చింది ఆ బ్యారన్ వెనకే. అంత పొగలో ఈ పొగ ఎవరికి తెలుస్తుందనుకున్నాను. ఆయన చూశాడనే నా అనుమానం. ఏమీ అనలేదు, ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ రోజు నాలుగు తగిలించి ఉంటే మానేసేవాణ్ణి కదా అని, చాలాకాలం తప్పు ఆయన మీదికే నెట్టాను.

ఇంత గట్టి కారణం ఉండి కూడా ఏమీ కాలేదంటే, లోపం కారణంలో లేదన్నమాట.

తొమ్మిదో సూత్రం, నాకు ప్రాణమైనది: మాల వేసుకోండి.

కార్తీకం వచ్చిందంటే మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర సగం మంది నల్లబట్టల్లో ఉంటారు. నలభై ఒక్క రోజులు. తెల్లారకముందే చన్నీళ్లు, నేలమీద పడక, ఒంటిపూట భోజనం, కాళ్లకి చెప్పుల్లేవు. మద్యం లేదు, మాంసం లేదు, పొగ లేదు. రోజుకి రెండు పెట్టెలు ఊదే మహానుభావులు కూడా మెళ్లో మాల పడగానే ఒక్క దమ్ము లాగరు. చాటుగా కూడా లాగరు. నేనూ లాగలేదు, మూడుసార్లూ లాగలేదు. మొదటి మూడు రోజులు ఇంట్లో గిన్నె చప్పుడైతే చాలు అరిచేవాణ్ణి. మా ఆవిడ "స్వామీ, శరణుఘోష కొంచెం మెల్లిగా" అనేది. వారం దాటాక నిద్ర పట్టింది. రెండో వారంలో సాంబారులో ఇంగువ వాసన తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. డాక్టర్లు చెప్పేదీ ఇదే. నికోటిన్ యావ మొదటి రెండు మూడు రోజుల్లో నెత్తికెక్కి కూర్చుంటుంది, మూడు నాలుగు వారాలకి చాలావరకు దిగిపోతుంది. ఆ లెక్కన మండలం ముగిసేనాటికి ఒంటికి దాంతో పని తీరి పదిరోజులు దాటుతుంది. గమ్ము లేదు, ప్యాచ్ లేదు, ఇంగ్లండ్ బావమరిది లేడు.

ఇరుముడి కట్టాం, పంబలో మునిగాం, కొండెక్కాం, పద్దెనిమిది మెట్లూ ఎక్కాం. తిరిగొచ్చి గుళ్లో గురుస్వామి చేత మాల తీయించుకున్నాను. గుడి నుంచి మా ఇంటికి కిలోమీటరున్నర. మధ్యలో పాన్ డబ్బా. నలభై ఒక్క రోజులూ నన్ను చూసి "స్వామి శరణం" అని సోడా కొట్టి ఇచ్చినవాడు ఆ రోజు నా మెడ వంక చూశాడు. "అయిపోయిందా స్వామీ?" అన్నాడు. అడక్కుండానే పెద్దది ఒకటి తీసి చేతిలో పెట్టాడు. తాడుకి కట్టిన లైటర్ ఇలా జరిపాడు.

ఒళ్లు అడగలేదు. ఈ సంగతి వెలిగిస్తున్నప్పుడే నాకు తెలుసు. మొదటి దమ్ముకి తల తిరిగింది, నోరంతా చేదు. రెండోదీ అంతే. అయినా చివరిదాకా కాల్చాను. ఇంటికెళ్లాక బాల్కనీలో కూర్చుని ఎందుకా అని ఆలోచించాను. నలభై ఒక్క రోజులూ నేను సిగరెట్ మానలేదు, సెలవు పెట్టాను. సెలవుకి తిరిగి డ్యూటీలో చేరే తేదీ ఉంటుంది. ఆ తేదీ కళ్లముందు ఉండబట్టే అన్ని రోజులు అంత నిష్ఠగా ఉండగలిగాను. ఇదే పని మాల లేకుండా, తేదీ లేకుండా చెయ్యమంటే మూడు రోజులు కూడా నిలవలేదు. అందుకే వేప్ చూడగానే అంత ప్రేమ పుట్టింది. మెళ్లో వేసుకోవాల్సినదాన్ని జేబులో వేసుకుని తిరగొచ్చు, చన్నీళ్ల స్నానం అక్కర్లేదు.

కాబట్టి మీరు కూడా మానే రోజుతోపాటు మళ్లీ మొదలుపెట్టే రోజు కూడా ముందే క్యాలెండర్‌లో రాసుకోండి. మధ్యలో రోజులు ఎంత హాయిగా గడుస్తాయో చూడండి.

మూడో సూత్రం బాకీ ఉన్నాను కదా. చార్జర్ ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

ఇందాక కిందికి వెళ్లింది దానికోసమే. బుడబుడ ఆగిపోయి నీలం దీపం ఎర్రగా కొట్టుకోవడం మొదలెట్టింది. ఆఫీసులో అందరి ముందూ దాన్ని ప్లగ్గుకి పెట్టలేం. కింద పాన్ డబ్బావాడు ఒక చూపు చూసి, తమలపాకుల తడిగుడ్డ పక్కకి జరిపాడు. వెనక ఒక స్విచ్‌బోర్డు. అప్పటికే దానికి ఒక ఎర్రదీ, ఒక ఆకుపచ్చదీ వేలాడుతున్నాయి. నాదీ తీసుకుని మూడోదిగా తగిలించాడు.

"ఎంతసేపు పడుతుంది భాయ్?" అన్నాను.

"ఎంత సేపన్నా," అన్నాడు, లూజు డబ్బా మూత తీస్తూ. "ఒక్క పెద్దది తాగేలోపల ఎక్కుతది."