రేసు క్లబ్బు పెద్దలకు కొన్ని తలకిందుల సలహాలు

రేసు రోజు మధ్యాహ్నం రావడం తగ్గించండి. రేసులు లేని రోజు తెల్లవారుజామున, చీకటి విడకముందే రండి. కమిటీ సభ్యులకు ఈ మాట చెబితే, రేసులు లేని వేళ వచ్చి తాము చూసేదేముందని అడుగుతారు. మలక్‌పేటలోనైనా, పుణెలోనైనా, బెంగళూరులోనైనా పరుగు రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. ఆ పరుగు ఎలా ఉండబోతుందో చాలావరకు తేలేది తెల్లవారుజామునే. అప్పుడు అక్కడ ఉండేది గుర్రాన్ని చూసుకునే సైసు, ఉదయం దాన్ని పరుగెత్తించే రైడింగ్ బాయ్, నాడాలు కొట్టే మనిషి. నిర్ణయాలు తీసుకునేవాళ్లలో ఒక్కరూ ఆ వేళ కనిపించరు.

రాత్రి పెట్టిన దాణా తొట్టిలో మిగిలిందా అని ముందుగా చూసేది సైసే. ముందుకాళ్ల వెనక అరచెయ్యి ఆనించి, నరం దగ్గర వేడి తగులుతోందా అని చూసేదీ అతనే. డాక్టరుకు కబురు వెళ్లేలోపే ఆ చేతికి సంగతి తెలిసిపోతుంది. “సాబ్, ఎడమ కాలు కొంచెం వెచ్చగా ఉంది” అని అతను ధైర్యంగా ట్రైనర్‌తో అనగలిగితే, ట్రైనర్ వింటే, ఆ గుర్రం ఆ వారం పరుగెత్తదు. అనడానికి జంకితే పరుగెత్తుతుంది. 2019లో కాలిఫోర్నియాలోని శాంటా అనీటాలో గుర్రాలు వరసగా చనిపోతుంటే రేసులు ఆపేయాల్సి వచ్చింది. 2023లో కెంటకీ డెర్బీ జరిగే చర్చిల్ డౌన్స్‌లో పన్నెండు గుర్రాలు పోయాక మిగతా రేసులను వేరే ట్రాక్‌కు మార్చారు. రెండు చోట్లా నేలను నిపుణులు పరీక్షించారు. ఆ పరీక్ష చేయాల్సిందే, కాదనను. కానీ ప్రతి ఉదయం కాళ్లు తడిమి చూసే వందల చేతులు ఎక్కడైనా ఉచితంగానే ఉన్నాయి. వాళ్ల మాట ట్రైనర్‌ను దాటి, పేరు బయటపడకుండా, నేరుగా క్లబ్బు డాక్టరుకు చేరే దారి ఒకటి పెట్టండి. ట్రైనర్లకు నచ్చదు. నచ్చకపోయినా పెట్టండి. తప్పుడు కబుర్లు కూడా వస్తాయని భయపెడతారు. పది తప్పుడు కబుర్లు విచారించడానికి పట్టే శ్రమ, ఒక గుర్రం విరిగిన కాలితో కూలబడటం కన్నా, దాని కింద ఒక జాకీ పడటం కన్నా ఎక్కువ కాదు.

పనివాళ్లు కేసు వేస్తే ఓడిపోండి. మొదటి రోజే ఓడిపోండి. మీ వకీలు ఇది పిచ్చి సలహా అంటాడు. జరిగిన చరిత్ర చూడండి. పనివాళ్లకు వైద్య బీమా ఇచ్చే ఈఎస్ఐ చట్టం తనకు వర్తించదని బెంగళూరు టర్ఫ్ క్లబ్ సుప్రీంకోర్టు దాకా వాదించింది. ఆ చట్టం దృష్టిలో రేసు క్లబ్బు కూడా దుకాణం కిందికే వస్తుందని 2014లో కోర్టు తేల్చింది. 2016లో రాయల్ వెస్టర్న్ ఇండియా టర్ఫ్ క్లబ్ కేసులో, రేసు రోజుల్లో మాత్రమే వచ్చి పనిచేసే తాత్కాలిక సిబ్బందికీ ఆ రక్షణ ఉంటుందని చెప్పింది. ఏళ్ల తరబడి ఆ ఫైళ్లు కోర్టుల్లో తిరుగుతున్నంతకాలం జబ్బుపడిన మనిషి ఆస్పత్రి ఖర్చు ఎవరు భరించారు? గెలిచినా క్లబ్బుకు మిగిలేది కొంత ఈఎస్ఐ చందా డబ్బు. ఓడితే చందా పోతుంది, వకీలు ఫీజూ పోతుంది, పాతికేళ్లుగా కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి నమ్మకమూ పోతుంది. ముందే తలొగ్గితే ఆ మూడోదైనా దక్కుతుంది.

సైసుల సంగతి ఎత్తితే కమిటీ గదుల్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: సైసు ట్రైనర్ మనిషి, మా ఉద్యోగి కాదు. కాగితాల మీద అది నిజమే. అయితే ట్రైనర్‌కు లైసెన్సు ఇచ్చేది క్లబ్బు, లాయం క్లబ్బుది, దాని పక్కన సైసు పడుకునే గదీ ఎక్కువచోట్ల క్లబ్బు ఆవరణలోదే. లైసెన్సు షరతుల్లో మందుల గురించి అన్ని పేజీలు రాయగలిగినప్పుడు, జీతం ఏ తేదీకి అందాలో ఒక్క వాక్యం రాయడానికి అడ్డేమిటి? రేసు పుస్తకంలో యజమాని, ట్రైనర్, జాకీ పేర్ల పక్కన సైసు పేరు కూడా అచ్చు వేయండి. సిరా ఖర్చు తప్ప మరేం లేదు.

ఇక పంటర్ సంగతి. పందెం కాసేవాడు గెలిచేలా సాయం చేయండి. ఇది వినగానే క్లబ్బుకు నష్టం కదా అంటారు. టోట్ ఎలా నడుస్తుందో మరిచిపోయినవాళ్లు అనే మాట అది. టోట్‌లో పంటర్లు కాసిన డబ్బంతా ఒక పూల్‌లో చేరుతుంది, క్లబ్బు తన వాటా, పన్ను తీసేశాక మిగిలినది గెలిచినవాళ్లు పంచుకుంటారు. అంటే పంటర్ ఓడితే క్లబ్బుకు అదనంగా పైసా రాదు. అతను మళ్లీ మళ్లీ కాస్తేనే వస్తుంది. జేబు ఖాళీ అయినవాడు మూడో రేసుకే ఇంటికి పోతాడు. నాలుగు రూపాయలు వెనక్కి వచ్చినవాడు ఏడో రేసు దాకా ఉంటాడు, వచ్చే వారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ దేశంలో గుర్రప్పందేలు జూదం కింద మూతపడకుండా నిలిచింది 1996లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో ఇచ్చిన తీర్పు వల్ల. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని కోర్టు చెప్పింది. పందెం కాసేవాడికి గుర్రం వంశం, పాత పరుగులు, జాకీ, మోసే బరువు, నేల తడి తెలుసుకుని అంచనా కట్టే వీలుంది అన్నదే అందులో ముఖ్యమైన వాదన. మీ క్లబ్బు తలుపులు తెరిచి ఉన్నాయంటే రెండో ఎన్‌క్లోజర్‌లో చెవి వెనక పెన్సిలు పెట్టుకుని రేసు పుస్తకం చదివే ఆ మనిషి బుర్ర వల్లే. అతనికి ఇవ్వాల్సింది సమాచారం. ఉదయపు గ్యాలప్ టైమింగులు, డాక్టరు ఏ గుర్రాన్ని ఎందుకు పక్కన పెట్టాడో, నేల ఎంత మెత్తగా ఉందో, అన్నీ ఉచితంగా, తెలుగులోనూ ఉర్దూలోనూ ఇవ్వండి. ఇప్పుడు ఆ సమాచారం లాయం గోడల దగ్గర గుసగుసలుగా అమ్ముడుపోతోంది. కొనగలిగినవాడు కొంటున్నాడు, కొనలేనివాడు మోసపోయానని తిట్టుకుంటున్నాడు.

జనం తగ్గుతున్నప్పుడు పూల్ నుంచి మీరు తీసుకునే కోతను తగ్గించండి. అమెరికాలో దీనికి ఉల్టాగా చేశారు. 2014లో చర్చిల్ డౌన్స్ యాజమాన్యం మామూలు పందేల మీద కోతను 16 శాతం నుంచి 17.5కు, మిగతావాటి మీద 19 నుంచి 22కు పెంచింది. పంటర్లు బహిష్కరణకు పిలుపునిచ్చారు. అదే కెంటకీ రాష్ట్రం 2022లో మంచి పని ఒకటి చేసింది: డివిడెండు లెక్కలో చిల్లరను కిందికి సర్ది పంటర్ సెంట్లు కొట్టేసే పద్ధతిని చట్టంతో మార్చి, చివరి సెంటు వరకు చెల్లించేలా చేసింది.

మన దగ్గర పన్ను భారం వేరే ఉంది, నిజం. 2017 జూలైలో 28 శాతం జీఎస్టీ వచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది, అదీ కాసిన మొత్తం మీద. పన్ను కట్టని బుకీ వైపు జనం జారిపోవడానికి ఇంతకన్నా పెద్ద ఊతం అక్కర్లేదు. దీని మీద ఢిల్లీకి వెళ్లి మొరపెట్టుకునేటప్పుడు మాత్రం యజమానులను తీసుకెళ్లకండి. ఓ సైసునూ, టోట్ కౌంటర్ మనిషినీ, ఒక పంటర్‌నూ తీసుకెళ్లి వాళ్లచేత మాట్లాడించండి. ఖరీదైన సూట్లు చూసి జాలిపడే ఆర్థిక మంత్రి ఎవరూ ఉండరు.

కొత్త స్టాండు కట్టకండి. షికాగో దగ్గర ఆర్లింగ్టన్ పార్క్‌లో 1985 జూలై 31న స్టాండు మొత్తం కాలిపోయింది. పనివాళ్లు రాత్రింబవళ్లు శిథిలాలు ఎత్తిపోశారు. ఆగస్టు 25న గుడారాలు, తాత్కాలిక బల్లల మధ్య ఆర్లింగ్టన్ మిలియన్ రేసు నడిపితే 35 వేల మంది వచ్చారు. తర్వాత అక్కడ అమెరికాలోనే అందమైన స్టాండొకటి లేచింది. చివరికి ఆ ట్రాక్ కొన్న కంపెనీకి దగ్గర్లో ఉన్న కాసినోలో పెద్ద వాటా వచ్చాక గుర్రాలు బరువనిపించాయి. 2021 సెప్టెంబరు 25న చివరి రేసు జరిగింది. స్థలాన్ని 2023లో 19.7 కోట్ల డాలర్లకు ఫుట్‌బాల్ జట్టుకు అమ్మేశారు. స్టాండు లేనప్పుడు వచ్చిన జనానికి, స్టాండు ఉన్నప్పుడు ట్రాక్‌ను కాపాడుకునే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు. కట్టడానికి దాచిన డబ్బుంటే సైసుల గదులకు కిటికీలు పెట్టించండి, రెండో ఎన్‌క్లోజర్ మరుగుదొడ్లు బాగుచేయించండి, నీడ వేయించండి.

ట్రాక్ లోపలి మైదానం ఉదయం పూట ఊరివాళ్లు నడవడానికి తెరవండి. స్థలానికే ముప్పు రావచ్చు: 2024 సెప్టెంబరులో చెన్నై గిండీ రేస్‌కోర్సు లీజును తమిళనాడు ప్రభుత్వం రద్దుచేసి 160 ఎకరాలకు సీలు వేసింది. లోపల ఏముందో తెలియని ఊరు మీ తరఫున ఎందుకు మాట్లాడుతుంది?

చివరగా, కమిటీలో రెండు కుర్చీలు ఖాళీ చేయండి. ఒకటి సైసులు, రైడింగ్ బాయ్‌లు ఎన్నుకున్న మనిషికి, ఒకటి సీజన్ టికెట్ కొన్న పంటర్లు ఎన్నుకున్న మనిషికి, రెండూ ఓటు హక్కుతో. స్వప్రయోజనం అడ్డొస్తుందని అభ్యంతరం చెబుతారు. గుర్రాల యజమానులు ఇప్పుడు అదే బల్ల దగ్గర కూర్చుని, తాము గెలుచుకోబోయే బహుమతి సొమ్ము ఎంతో తామే తీర్మానిస్తున్నారు. ఆ ఇద్దరూ వచ్చిన మొదటి సమావేశం మినిట్స్‌ను మర్నాడే లాయం గోడకూ, టోట్ కౌంటర్ పక్కనా అతికించండి.