అప్‌గ్రేడు వీరుడు

చక్కగా పనిచేస్తున్న చిన్న కంప్యూటర్ బోర్డును ఓ శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక తన చేతులతో తానే పడుకోబెట్టి, శని ఆదివారాలు నిద్రమాని మళ్లీ లేపి కూర్చోబెట్టే మనిషిని అప్‌గ్రేడు వీరుడు అంటారు. మొదటి పనిలో తన చెయ్యి లేదనీ, రెండోది తన వల్లే అయిందనీ గట్టిగా నమ్మడం ఇతని ప్రధాన లక్షణం. వయసుతో, జీతంతో నిమిత్తం లేదు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే కుర్రాళ్లలోనూ ఉంటారు, పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లలోనూ ఉంటారు. హైదరాబాద్‌లో ఈ జాతిని దగ్గర్నుంచి చూడాలనుకునేవాళ్లు కోఠిలోని గుజరాతీ గల్లీలో, ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్ల ముందు కాసేపు నిలబడితే సరిపోతుంది.

వీరుడి చేతిలో పడే బోర్డు చాలావరకు రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో రూపుదిద్దుకుని 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన ఈ బోర్డు ఏటీఎం కార్డంత ఉంటుంది. అప్పటి ధర 35 డాలర్లు. పిల్లలకు ప్రోగ్రామింగ్ అలవాటు చేయాలన్నది చేసినవాళ్ల ఉద్దేశం. పిల్లల దాకా వెళ్లకముందే చాలా ఇళ్లలో అది నాన్నల పాలైంది. వీరుడి ఇంట్లో దాని ఉద్యోగం పై-హోల్ అనే ప్రోగ్రాం నడపడం, అంటే ఫోన్లలో, టీవీలో ప్రకటనలు రాకుండా అడ్డుకోవడం. వెబ్‌సైటు పేరు అడిగితే చిరునామా చెప్పే డీఎన్ఎస్ పని కూడా దానిదే కాబట్టి, అది పడుకుంటే ఇంట్లో ఇంటర్నెట్టూ పడుకుంటుంది. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందుగా చెప్పకపోవడం వీరుడి రెండో లక్షణం.

ఆ బోర్డు మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలం డెబియన్. డెబియన్ వెర్షన్లకు టాయ్ స్టోరీ సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు. 2021లో వచ్చింది బుల్స్ఐ అనే గుర్రం, 2023లో వచ్చింది బుక్‌వర్మ్ అనే పురుగు. పెద్ద వెర్షన్ మారేటప్పుడు ఉన్నదాని మీదే మార్చవద్దనీ, కార్డు మీద కొత్తగా ఎక్కించుకోవడమే మంచిదనీ బోర్డు తయారీదారులే చెబుతారు. వీరుడు ఈ మాట చదవకపోడు. చదివి, తనకంటే తక్కువ తెలిసినవాళ్ల కోసం రాశారని తేల్చుకుంటాడు. ఫైల్లో గుర్రం పేరు కొట్టేసి పురుగు పేరు రాసి, ఫుల్ అప్‌గ్రేడ్ కమాండ్ ఇచ్చి, అడిగిన ప్రతిదానికీ 'వై' నొక్కుతాడు. బుక్‌వర్మ్‌లో బూట్ ఫైళ్లను వెతికే చోటు మారింది, నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామూ మారింది. హెచ్చరికలు తెర మీద ఒకదాని వెంట ఒకటి పైకి పోతుంటే అతను వంటింట్లో టీ మరిగిస్తుంటాడు. వచ్చి రీబూట్ కొడతాడు. ఎర్ర లైటు వెలుగుతుంది. వైఫై జాబితాలో బోర్డు మాత్రం కనిపించదు.

నిజానికి ఈ బోర్డు చావడం అంత తేలిక కాదు. పై 4కు ముందు వచ్చినవాటిలో అప్‌గ్రేడు చెడగొట్టగల బూట్ చిప్పే లేదు. ఉన్నదంతా మెమరీ కార్డులోనే. 2019లో వచ్చిన పై 4లో అలాంటి చిప్పు ఉన్నా, రికవరీ ఫైలు ఎక్కించిన కార్డు పెట్టి కరెంటిస్తే అది మళ్లీ దారికొస్తుంది. పని పూర్తయ్యాక తెరంతా పచ్చగా మారి ఆ సంగతి తెలియజేస్తుంది కూడా. కానీ చావనిదాన్ని బతికిస్తే పేరెలా వస్తుంది? అందుకే వీరుడు ముందుగా చేసే పని మిత్రులకు "బోర్డు పోయిందిరా" అని మెసేజ్ పెట్టడం.

తరవాతది రోగనిర్ధారణ. ఆకుపచ్చ లైటు నాలుగుసార్లు మిణుకుమంటే మొదట్లోనే కావలసిన ఫైలు దొరకలేదని, ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని అర్థం. వీరుడు లెక్కపెడితే ఓసారి ఆరు, ఓసారి ఎనిమిది వస్తాయి. ఫోన్లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తాడు. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే, విండోస్ బూట్ భాగాన్ని చదివి, లినక్స్ భాగం అర్థంకాక, "ఫార్మాట్ చేయమంటారా?" అని వినయంగా అడుగుతుంది. రెండు రోజుల్లో అతనికి దొరికే తెలివైన సలహాకు దగ్గరగా వచ్చేది అదే. వీరుడు 'క్యాన్సిల్' నొక్కుతాడు.

శనివారం కోఠి ప్రయాణం. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ కొనడానికి. అప్పటికే ఇంట్లో అలాంటివి రెండున్నా, కావలసినప్పుడు కనపడవు. నల్ల తీగ ఆరో పిన్నుకు, మిగతా రెండూ ఎనిమిది, పది పిన్నులకు. ఎర్రది ఎక్కడా తగిలించకూడదు. పంపే తీగను వినే పిన్నుకు పెట్టాలి; వీరుడు మొదట పంపేదాన్ని పంపేదానికే పెడతాడు కనక తెర నల్లగానే ఉండిపోతుంది. మార్చి పెట్టి, వేగం 115200కు సరిచేసి, కాన్ఫిగ్ ఫైల్లో సీరియల్‌ను తెరిచే వాక్యం చేర్చాక బోర్డు నోరు విప్పుతుంది. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదు, కెర్నెల్ పానిక్. వెతగ్గా వెతగ్గా కారణం తేలుతుంది. కమాండ్ లైన్ ఫైల్లోని మాటలన్నీ ఒకే వరుసలో ఉండాలి. శుక్రవారం రాత్రి దాన్ని సవరిస్తూ, చదవడానికి అందంగా ఉంటుందని మధ్యలో ఎవరో ఎంటర్ కొట్టారు. ఆ ఎవరో సంగతి వీరుడు లోతుగా పరిశీలించడు.

ఈ లోపు ఇంట్లో మరో వైద్యం జరిగిపోతుంది. "ఏమండీ, ఫోన్లో ఏదీ తెరుచుకోవడం లేదు" అన్న మాటకు రెండుసార్లు "ఐదు నిమిషాలు" అన్న జవాబే వచ్చేసరికి, ఆవిడ నెట్ కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేస్తుంది. వచ్చిన కుర్రాడు రౌటర్‌లోకి చూసి, "ఇందులో డీఎన్ఎస్ ఎవరో మార్చేశారక్కా" అని, రీసెట్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోతాడు. ప్రకటనలు తిరిగొస్తాయి. చీరల ధరలు మళ్లీ కనిపిస్తున్నాయని అత్తగారు సంతోషిస్తుంది.

ఆదివారం రాత్రి బోర్డు లేస్తుంది. వీరుడు ఫొటో తీసి మిత్రులకు పంపి, అందరూ బ్యాకప్ పెట్టుకోవాలని హితవు చెబుతాడు. ఇక మిగిలింది బోర్డును పాత ఉద్యోగంలో పెట్టడం. అందుకు రౌటర్ పాస్‌వర్డ్ కావాలి. అది ఆవిడ దగ్గరుంది, ఆవిడ చెప్పదు.