కొట్టినట్టు, చచ్చినట్టు

రంగస్థల ఖడ్గయుద్ధం అంటే, ఒకరినొకరు చంపుకోబోతున్నారని ప్రేక్షకులను నమ్మిస్తూ, ఆ నమ్మకం నిలిచినంతసేపూ ఇద్దరు నటులు ఒకరి ప్రాణాన్ని మరొకరు కంటికి రెప్పలా కాపాడుకునే ఉమ్మడి వ్యవహారం. ఈ విద్య సారాన్ని తెలుగువారు ఏ ఫైట్ మాస్టర్ సాయమూ లేకుండా ఎన్నడో గ్రహించి, నువ్వు కొట్టినట్టు చెయ్యి, నేను ఏడ్చినట్టు చేస్తాను అనే నానుడిలో భద్రపరిచారు; అయితే కాలక్రమంలో ఆ మాటను లాలూచీ వ్యవహారాలకూ శాసనసభ చర్చలకూ అప్పగించి, అది అక్షరాలా వర్తించే నాటకశాలను మాత్రం మరిచిపోయారు. కొట్టినట్టు చేయడం కంటే చచ్చినట్టు చేయడం నాలుగింతలు కష్టమన్నది ఈ విద్యలో తొలిపాఠం, ఎందుకంటే రంగస్థలం మీద చంపేవాడు చేసేది సగం పనే. మిగిలిన సగాన్ని చచ్చేవాడు చచ్చినట్టు చేసుకోవాలి.

ఈ విషయంలో భరతముని వైఖరి చదువరిని కొంత తికమక పెడుతుంది. నాట్యశాస్త్రం ఒకచోట యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపరాదనీ, వాటిని ప్రవేశకం ద్వారా, అంటే రెండంకాల నడుమ చిన్న పాత్రలు వచ్చి జరిగిన సంగతి చెప్పుకునే ఘట్టం ద్వారా తెలియజేయాలనీ విధిస్తుంది. మరొకచోట, చారీలను, అంటే కాళ్ల కదలికలను వివరించే అధ్యాయంలో, ఆయుధం ఎలా పట్టాలో, డాలు ఎలా తిప్పాలో, దెబ్బ ఎక్కడికి గురిపెట్టాలో తీరికగా బోధిస్తుంది. వంటింట్లోకి రావద్దని చెప్పి, గుమ్మంలో నిలబెట్టి పోపు వేసే పద్ధతి నేర్పినట్టున్న ఈ వైరుధ్యాన్ని పండితులు ఎలా సమన్వయించుకున్నా, నటులకు మాత్రం ఆ రెండో అధ్యాయమే అక్కరకొస్తుంది. ఆయుధ ప్రయోగ పద్ధతులకు ముని పెట్టిన పేరు న్యాయాలు. యుద్ధంలో న్యాయం ఎక్కడుందని వాపోయేవారికి ఊరటగా, రంగస్థల యుద్ధానికి అవి నాలుగు ఉన్నాయి: భారత న్యాయంలో దెబ్బ నడుముకు, సాత్వతంలో పాదానికి, వార్షగణ్యంలో రొమ్ముకు, కైశికంలో తలకు. ఇంతా చెప్పిన తరువాత అసలు షరతు వస్తుంది: రంగం మీద ఎవరినీ నిజంగా నరకరాదు, పొడవరాదు, నెత్తురు చిందరాదు, అంతా సంజ్ఞామాత్రంగా, అంటే సైగగానే జరగాలి. అభ్యాసం చేసేవాడి ఒంటికి నూనె గానీ యవల గంజి గానీ పట్టించాలని కూడా ఆ అధ్యాయం చెబుతుంది; నేటి నాటక సమాజాలు నూనెను ఖర్చుకు వెనుకాడీ, గంజిని దుస్తులు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీవారికి జడిసీ వదిలేశాయని ఊహించవచ్చు.

భాసుడు ఇంకా జాగ్రత్తపరుడు. ఊరుభంగంలో భీమ దుర్యోధనుల గదాయుద్ధాన్ని ముగ్గురు భటుల నోట వర్ణింపజేసి, తొడలు విరిగిన దుర్యోధనుణ్ణి మాత్రం రంగం మీదికి తెచ్చాడు. ఒక్క గద కూడా పైకి లేవకుండా ముగిసిన ఈ పోరు భద్రత దృష్ట్యా మచ్చలేనిదే గాని, ప్రేక్షకుడు డబ్బిచ్చి టిక్కెట్టు కొనే కాలంలో అతణ్ణి ముగ్గురు భటులతో సరిపెట్టడం కష్టం.

కాబట్టి కత్తి తీయక తప్పదు. కత్తిసాములో వేటు అంటే అంచుతో నరికే దెబ్బ, పోటు అంటే మొనతో పొడిచే దెబ్బ, అడ్డు అంటే ఆ రెంటినీ తన కత్తితో ఆపుకోవడం. నిజమైన యుద్ధంలో వేటు ముందు, అడ్డు తరువాత. రంగస్థలం మీద ఈ క్రమం తలకిందులవుతుంది. వేటు వేయబోయేవాడు ముందుగా ఎదుటివాడి కళ్లలోకి చూసి, వాడు సిద్ధంగా ఉన్నాడని రూఢి చేసుకుని, ఆఖరి వరుసలో వేరుశనగకాయలు ఒలుచుకునే పెద్దమనిషికి కూడా అర్థమయ్యేంత ధారాళంగా కత్తి పైకెత్తాలి. అది చూసి ఎదుటివాడు తన కత్తిని అనుకున్న చోట అడ్డుపెట్టాలి. అప్పుడు మాత్రమే వేటు కిందికి దిగాలి. యుద్ధభూమిలో ఇంత మర్యాద పాటించినవాడు బతికి బట్టకట్టడు, రంగస్థలం మీద పాటించనివాడి జోడీ బతికి బట్టకట్టడు.

అడ్డులకు పాశ్చాత్య రంగస్థలంలో అంకెలున్నాయి. వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం ఒకటి ఎడమ తొడకు, రెండు కుడి తొడకు, మూడు కుడి భుజానికి, నాలుగు ఎడమ భుజానికి, అయిదు తలకు. ఇద్దరు వీరులు వారాల తరబడి నడకవేగంతో, మూడు, నాలుగు, అయిదు, తప్పుకో, ఒకటి అంటూ వానాకాలపు చదువు పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు సాధన చేస్తారు. ఆ సాధన చూసినవారికి వీరరసం కంటే మధ్యాహ్న భోజనం గంట ఎక్కువ గుర్తుకు వస్తుంది. వేగం అన్నిటికంటే చివర చేరుతుంది, అదీ పూర్తిగా చేరదు. ప్రతి ప్రదర్శనకు ముందు, నిన్న రాత్రే అదే పోరు నిక్షేపంగా జరిగినా సరే, మరొకసారి ఆసాంతం చేసి చూసుకోవడం మంచి నాటకశాలల్లో తప్పనిసరి నియమం. అంకె మరిచిపోతే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించి ఉంచుతారు: ఇద్దరూ రెండేసి అడుగులు వెనక్కి వేసి, కత్తులు చాచి, గుండ్రంగా తిరుగుతూ ఒకరినొకరు చూపులతో కాల్చేయాలి. ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూసే ఆ పగ నిజానికి, నాలుగు తరువాత ఏమిటి అన్న వెతుకులాట.

ఇక చంపడం. ఒక పోటును దగ్గరనుంచి గమనిస్తే ఈ విద్యలోని గుట్టంతా అందులోనే కనబడుతుంది. చంపేవాడు చేయి పూర్తిగా చాచినా మొన ఎదుటివాడి రొమ్ముకు జానెడు ఇవతలే ఆగేలా ఇద్దరి మధ్య దూరం ముందే కొలుచుకుని ఉంటారు. కాని పొడిచినట్టు కనబడాలంటే దగ్గరకు రాక తప్పదు గనుక, వారిలో ఒకరు ప్రేక్షకుల చూపుకు అడ్డంగా తిరుగుతారు. కత్తి అప్పుడు అవతలి వైపునుంచి, పక్కటెముకలకు ఎడంగా, ఖాళీ గాలిలోకి దూసుకుపోతుంది. చచ్చేవాడు దాన్ని చంకలో పెట్టుకున్న గొడుగులా మోచేతితో మెల్లగా అదిమిపట్టి, ఊపిరి ఒక్కసారిగా వదిలి, పొట్ట దగ్గర ముడుచుకుంటాడు. ఇంతవరకు ప్రేక్షకుడు సగమే నమ్ముతాడు. అతణ్ణి పూర్తిగా నమ్మించేది కత్తి దిగడం కంటే కత్తి ఊడిరావడం: చంపినవాడు కొంచెం కష్టపడి లాగినట్టు లాగాలి, చచ్చినవాడు ఆ లాగుడుతోపాటు అరడుగు ముందుకు తూలి, అప్పుడు పడాలి, పడేటప్పుడు మోకాలు, తుంటి, భుజం అనే వరుసలో మెత్తగా నేలకు అప్పగించుకోవాలి. ఈ వరుస తప్పి తల ముందు తగిలించుకున్నవాడు ఆ తరువాత చేసే మూలుగు చాలా సహజంగా ఉంటుంది.

భద్రత సంగతి ఇలా ఉండగా, ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుందన్నది వేరే ప్రశ్న. దీనికి చార్లెస్ డికెన్స్ నికొలస్ నికల్బీ నవలలో క్రమిల్స్ అనే నాటక సమాజ యజమాని చేత ఒక సిద్ధాంతం చెప్పించాడు: పోరాడే ఇద్దరిలో ఒకడు పొడుగు, ఒకడు పొట్టి కావాలి, ఆ తేడా ఎంత ఉంటే ప్రేక్షకుల సానుభూతి అంత కూడుతుంది. ఇది హాస్యానికి రాసిందే అయినా, ఇందులో శాస్త్రం ఉంది. ఎవరు గెలుస్తారో అన్న బెంగ పాత్ర గురించి కలగాలి. నటుడి గురించి కలిగిన క్షణంలో ప్రేక్షకుడు నాటకం మరిచి, పాపం ఎవరి బిడ్డో అనుకుంటాడు, అంతటితో యుద్ధం చచ్చిపోతుంది. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో భద్రతా ఉత్కంఠా రెండు వేరు వేరు సుగుణాలు కానే కావు. తడబడని చేతులే చూపరికి భయపడే తీరిక ఇస్తాయి.

విక్టోరియా కాలపు ఇంగ్లండులో ఈ తీరిక టోకున దొరికేది. అక్కడి నటులు రౌండ్ ఎయిట్స్, స్క్వేర్ ఎయిట్స్, గ్లాస్గో టెన్స్ వంటి పేర్లున్న సిద్ధపు పోరాటాలను కంఠస్థం చేసి ఉంచుకునేవారు. ఆ పేర్లలోని ఎనిమిదీ పదీ దెబ్బల లెక్కలు. ఊరికొక సమాజంతో ఆడే నటుడు సాయంత్రం బండి దిగి, ముఖం తెలియని ప్రతినాయకుడితో, ఈ రాత్రి గ్లాస్గో అని ఒక్క మాట అనుకుంటే చాలు, రిహార్సల్ అక్కరలేకుండా వాణ్ణి చంపగలిగేవాడు. మన పెళ్లిళ్లలో ఏ ఊరి మేళమైనా మాంగల్యధారణ వేళకు ఒకే గట్టిమేళం వాయించినట్టే ఇదీ సాగింది, ఏ కథకైనా అదే పోరు అన్న చిన్న లోపంతో.

ఆ లోపాన్ని సవరించడానికి అక్కడి నటుడు, దర్శకుడు హెన్రీ ఇర్వింగ్ ఎన్నుకున్న మార్గం కరెంటు. 1885లో లండన్ లైసియం థియేటర్‌లో ఆడించిన ఫౌస్ట్ నాటకంలో, ఫౌస్ట్ వాలెంటైన్‌ల ద్వంద్వయుద్ధానికి నేలమీద రెండు ఇనుప పలకలు బిగించి, ఒక్కొక్క వీరుడి కుడి బూటు ఒక్కొక్క పలకమీద ఆనేలా చూసి, బూటునుంచి దుస్తుల లోపలగా రబ్బరు చేతొడుగు వరకు తీగ నడిపి, కత్తి కత్తిని తాకినప్పుడల్లా మెరుపు పుట్టేలా ఏర్పాటు చేశారు. ఈ వివరాలను నమోదు చేసినవాడు ఆ థియేటర్ వ్యవహారాలు చూసిన బ్రామ్ స్టోకర్, తరువాత డ్రాక్యులా రాసినవాడు. ఆ భయానక రసానికి బీజం ఎక్కడ పడిందో పరిశోధకులు ఆలోచించవచ్చు. నిప్పులు చెరిగే పోరు అనే మాటను ఇంత అక్షరాలా తీసుకున్న దర్శకుడు అరుదు. వీరుడు మాత్రం ఆవేశం పట్టలేక ముందుకు దూకితే బూటు పలక వదులుతుంది, పలక వదిలితే మెరుపు పోతుంది గనుక, కుడికాలు మేకు కొట్టినట్టు నిలిపి, మిగిలిన మూడు అవయవాలతో రౌద్రం ఒలికించవలసి వచ్చింది.

హాస్యం ఆగవలసిన చోటు కూడా ఈ చరిత్రలో ఉంది. 1896లో లండన్ నావెల్టీ థియేటర్‌లో ఒక నటుడు రంగస్థలం మీద నిజమైన బాకు పోటుకు మరణించాడు. 1947లో ఓల్డమ్ కొలీసియంలో మాక్‌బెత్ వేషధారి హెరాల్డ్ నార్మన్ చివరి ద్వంద్వయుద్ధంలో తగిలిన గాయంతో కన్నుమూశాడు. 1969లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో పోరాట దర్శకులు సంఘాలుగా ఏర్పడి, ఈ పనికి శిక్షణా పరీక్షలూ ఉండాలని పట్టుబట్టారు. రంగస్థలపు కత్తికి వాదర ఉండదు, అంచు నాణెమంత మందంగా ఉంటుంది, మొన గుండ్రంగా అరగదీసి ఉంటుంది, దెబ్బలకు అంచున లేచిన గరుకును ప్రతిరోజూ ఆకురాయితో నునుపు చేస్తారు. అంతమాత్రాన అది అట్టకత్తి కాదు, మొద్దుబారిన ఇనుపకడ్డీ, కంట్లో గుచ్చుకోవడానికి దానికి పదును అక్కరలేదు.

తెలుగు పద్యనాటకం ఈ సమస్యను అంకెలూ తీగలూ లేకుండా, రాగంతో పరిష్కరించింది. బాణాల విషయంలో సురభి కళాకారులు రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనే తంత్రం పన్నారు గాని, మామూలు సమాజాలకు అంత సరంజామా ఎక్కడిది. చిలకమర్తివారి గయోపాఖ్యానంలో బావా బావమరదులైన కృష్ణార్జునులు కయ్యానికి దిగినప్పుడు, ఒకరు పద్యం అందుకుంటే, ఆ పద్యం ముగిసి, రాగం పైస్థాయికి చేరి, హార్మోనిస్టు వదిలిపెట్టే వరకు రెండోవారు ఆయుధం ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంచి కోపంగా నిలబడాలి. ఆయుధాల మధ్య ఇంత కచ్చితమైన దూరాన్ని ఇంతసేపు కాపాడే పద్ధతి పాశ్చాత్యులకు దొరకలేదు. ఈ యుద్ధాల్లో నొప్పి పుట్టేది భుజానికి మాత్రమే.

ఇందులో పొంచి ఉన్న ప్రమాదం ఒక్కటే, అది ప్రేక్షకులనుంచి వస్తుంది. ప్రతినాయకుడు ప్రాణం విడుస్తూ పాడిన పద్యం బాగా రక్తి కట్టి, వన్స్ మోర్ అని కేకలు లేస్తే, చచ్చినవాడు లేచి కూర్చుని, కిరీటం సర్దుకుని, శ్రుతి చూసుకుని అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. ఈలోగా చంపినవాడు పక్క తెరలోకి వెళ్లి బీడీ ముట్టించుకుని ఉంటే, వాణ్ణి వెతికి తెచ్చి రెండోసారి పొడిపించాలి. మొదటి పోటుకు వంగిపోయిన రేకు కత్తిని వాడు దారిలోనే మోకాలికి ఆనించి తిన్నగా చేసుకుంటాడు. తెల్లవారుజామున డ్రెస్ కంపెనీ మనిషి కత్తులు లెక్కపెట్టి గోనెపట్టాలో చుట్టేటప్పుడు ఆ వంకరను వేలితో తడిమి, ఏమీ అనకుండా అడుగున పెడతాడు. మరునాటి రాత్రి పక్క ఊళ్లో అది తాండ్ర పాపారాయుడి మొలలో, కొద్దిగా ఎడమవైపు తిరిగి వేలాడుతుంది.